భూమిని కొలిచిన విలియం లాంబ్టన్

అనంతపురము జిల్లాలో ఉరవకొండ అను పట్టణము గలదు. ఆ ఊరికి ఆ పేరు అక్కడి కొండవలన వచ్చినది. పడగ విప్పిన పామువలె కనబడు ఆ కొండను పూర్వులు ఉరగకొండ అనిరనియు, అదియే కాలక్రమమున ఉరవకొండ అయ్యెననియు పెద్దలు చెప్పుదురు. ఊరు దాటి నలుదిక్కుల చూచినచో వానకై ఎదురుచూచు మెట్టభూములును, నడుమ నడుమ బండకొండలును కనబడును. చెట్టుచేమలు తక్కువగుటచే ఇచ్చట చూపు చాల దూరము సాగును. ఈ పట్టణమునకు ఈశాన్యముగా 40 కిలోమీటర్లకు కొంచెము మించిన దూరమున గుత్తికోట గలదు. 1811వ సంవత్సరమున ఆ గుత్తి ప్రాంతమున ఒక విచిత్రమైన పని జరిగెను. కొందరు మనుష్యులు గుడారములు వేసికొని, ఒక ఉక్కు గొలుసుతో నేలను మిక్కిలి జాగ్రత్తగా కొలిచిరి. వారు కొలిచినది ఎవరి పొలమును కాదు. శిస్తు కట్టుటకును కాదు. భూగోళము ఎంత పెద్దది, దాని ఆకారమెట్టిది అని తెలిసికొనుటకు వారు ఆ కొలత కొలిచిరి. వారి నాయకుడు విలియం లాంబ్టన్.

సంఖ్య మనుష్యుని మనస్సునందు పుట్టినది. నేల మనస్సునకు వెలుపల నున్నది. మనస్సునందలి సంఖ్య వెలుపలి నేలకు నిజముగా సరిపోవునా? ఈ ప్రశ్న వినుటకు సులభము. సమాధానము చెప్పుట కష్టము. కొట్టములో నాలుగు ఎద్దులున్నచో ఎవరు లెక్కించినను నాలుగే. అందు సందేహమునకు తావు లేదు. కాని చేనిగట్టు పొడవెంత అని అడిగినచో సంగతి మారును. తాడుతో కొలిచినవాని లెక్క యొకటి. గొలుసుతో కొలిచినవాని లెక్క మరియొకటి. అదే గొలుసుతో ప్రొద్దుట కొలిచిన లెక్కకును, మిట్టమధ్యాహ్నము కొలిచిన లెక్కకును భేదము వచ్చును.

ఇంకొక చిక్కు గలదు. నాలుగు ప్రక్కలును 100 అడుగులు గల చదరపు చేనిలో ఒక మూలనుండి ఎదుటి మూలకు గల దూరము 141.42135 అడుగులని గణితము చెప్పును. అంతటితో ఆ సంఖ్య ఆగదు. ఎంతదూరము లెక్క కట్టుచు పోయినను ఆ అంకెలు ముగియవు. కాని ఆ రెండు మూలల నడుమ పరచిన తాడునకు మొదలును తుదియు గలవు. ముగింపు లేని సంఖ్య ముగింపు గల తాడునందు ఎట్లు ఇమిడినది? సంఖ్య సత్యమా, తాడు సత్యమా? ఇట్టి ప్రశ్నలను పండితులు గదులలో కూర్చుండి చర్చించిరి. లాంబ్టన్ ఎండలో నిలిచి, నేలమీదనే వానిని పరీక్షించెను.

విలియం లాంబ్టన్ 1753వ సంవత్సర ప్రాంతమున ఇంగ్లండు దేశములో యార్కుషైరు సీమయందు ఒక సామాన్య రైతుకుటుంబమున జన్మించెను. తలిదండ్రులు ధనవంతులు కారు. బాలుడు చదువునందు, ముఖ్యముగా గణితమునందు, చురుకైనవాడగుటచే దగ్గరలోని పాఠశాలలో చేర్చబడెను. తరువాత చార్లెసు హట్టన్ అను ప్రసిద్ధ గణితవేత్తయొద్ద కొంతకాలము శిష్యరికము చేసెను. 1781లో ఆయన సైన్యమున చిన్న ఉద్యోగిగా చేరెను. అప్పుడు అమెరికాలో స్వాతంత్ర్యయుద్ధము జరుగుచుండెను. ఆ సంవత్సరమే యార్కుటౌను వద్ద ఆంగ్ల సైన్యము లొంగిపోయినప్పుడు లాంబ్టన్ బందీలలో నొకడయ్యెను.

విడుదలయైన పిమ్మట ఆయన కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతమున పదేండ్లకు మించి ఒక చిన్న కొలువులో నుండెను. అది చలిదేశము, పని తక్కువ, పై పదవి వచ్చు ఆశ లేదు. మరియొకడైనచో ఆ కాలమును పేకాటలో గడిపియుండును. లాంబ్టన్ ఆ ఏండ్లను గణితగ్రంథములు చదువుటకు వినియోగించెను. భూమిని కొలుచు విద్యను గూర్చి ఐరోపా పండితులు వ్రాసినదెల్ల శ్రద్ధగా నేర్చుకొనెను. సూర్యగ్రహణమును తగిన రక్షణ లేక చూచుటవలన ఆయన ఒక కంటి చూపు చెడినది. అట్లయ్యును ఆకాశమును చూచుట మానలేదు.

తరువాత లాంబ్టన్ తన 33వ పటాలముతో గూడ భారతదేశమునకు వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు 40 ఏండ్లు దాటినది. ఆ పటాలమునకు అధిపతి ఆర్థర్ వెల్లస్లీ. తరువాత వెల్లింగ్టన్ ప్రభువుగా లోకప్రసిద్ధుడైనవాడు ఇతడే. 1799లో టిప్పుసుల్తానుపై జరిగిన యుద్ధములో లాంబ్టన్ శ్రీరంగపట్టణమునకు వెళ్లెను. అప్పుడొక రాత్రి సేనాధిపతి బెయిర్డు తన దళముతో చీకటిలో నడచుచుండెను. వారు ఉత్తరముగా పోవలసియుండెను. లాంబ్టన్ నక్షత్రములను చూచి, దళము దక్షిణముగా, శత్రువులున్న వైపునకే పోవుచున్నదని సేనాధిపతికి తెలియజేసెను. సేనాధిపతి మొదట నమ్మలేదు. దీపము వెలిగించి దిక్సూచిని చూచినప్పుడు లాంబ్టన్ చెప్పినదే నిజమని తేలెను. వెంటనే దళము వెనుకకు మరలెను. ఆకాశపు లెక్క నేలమీది మనుష్యుల ప్రాణములు కాపాడినది.

యుద్ధము ముగిసిన వెంటనే లాంబ్టన్ మద్రాసు ప్రభుత్వమునకు ఒక విన్నపము పంపెను. దక్షిణ భారతదేశమునందు తూర్పు తీరమునుండి పడమటి తీరమువరకు త్రిభుజముల వరుస నొకటి అల్లి, ఊళ్ల స్థానములను, దూరములను తప్పులేకుండ నిర్ణయింతునని ఆయన వ్రాసెను. దానితోడ భూమి ఆకారమును గూడ కనుగొనవచ్చునని సూచించెను. పాలకులకు పటములు కావలసియుండెను. సేనలు నడుపుటకును, శిస్తులు వసూలు చేయుటకును అవి ఉపయోగపడును. లాంబ్టన్ మనస్సు మాత్రము భూమి ఆకారముమీదనే యుండెను. వెల్లస్లీ ఆయన పక్షమున మాటలాడెను. 1800లో ప్రభుత్వము అనుమతి నిచ్చెను.

అయినను ఎగతాళి చేసినవారు లేకపోలేదు. శ్రీరంగపట్టణమునకు పోవలసినవాడు పల్లకి ఎక్కి బోయీలతో ఆ మాట చెప్పిన చాలును గదా, దానికి త్రిభుజములెందులకని మద్రాసు కొలువులోని యొక పెద్దమనిషి హాస్యమాడెను. వినుటకు ఆ మాట యుక్తముగానే యుండును. బోయీలకు దారి తెలియును. దారికి సంఖ్య అక్కరలేదు. కాని తెలిసిన దారి వేరు, తెలిసిన దూరము వేరు. ఈ భేదమును లోకమునకు చూపుటకు లాంబ్టన్‌కు నాలుగేండ్లు పట్టెను.

పనికి కావలసిన పరికరములు సులభముగా దొరకలేదు. కోణములు కొలుచు పెద్ద థియోడలైటు యంత్రము లండనులో తయారయ్యెను. దాని చక్రపు అడ్డుకొలత 36 అంగుళములు; బరువు సుమారు అర టన్ను. దానిని తెచ్చుచున్న ఓడను సముద్రమధ్యమున ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్ దీవికి తీసికొనిపోయిరి. అది శాస్త్రపరికరమని తెలిసికొని అక్కడి ఫ్రెంచి గవర్నరు దానిని మర్యాదతో మద్రాసునకు పంపివేసెను. ఉక్కు గొలుసు కథ ఇంకను వింతయైనది. అది చైనా చక్రవర్తికి కానుకగా ఇంగ్లండునుండి పోయిన వస్తువులలో నొకటి. చక్రవర్తి దానిని ఆదరింపలేదు. చేతులు మారి అది కలకత్తా చేరెను; అచ్చటినుండి లాంబ్టన్‌కు లభించెను. ఆ గొలుసునకు 40 కడ్డీలు. ఒక్కొక్కటి రెండున్నర అడుగులు. మొత్తము 100 అడుగులు.

1802వ సంవత్సరము ఏప్రిల్ నెలలో మద్రాసు సమీపమున సెయింట్ థామస్ మౌంటు వద్ద లాంబ్టన్ ఆధారరేఖను కొలుచుటకు ఆరంభించెను. ఆధారరేఖ యనగా తరువాతి లెక్కలన్నిటికి మూలమైన మొదటి గీత. దాని పొడవు సుమారు ఏడున్నర మైళ్లు. 100 అడుగుల గొలుసును 400 మారులు ఒకదాని వెనుక నొకటిగా పరచవలెను. గొలుసు నేలమీద ఈడ్వబడలేదు. కొయ్యతొట్లలో దానిని పరచి, ఆ తొట్లను ముక్కాలిపీటలపై నుంచి, మరలు త్రిప్పి మట్టము సరిచేసిరి. ఎండ సోకకుండ పైన గుడారమును వేసిరి. ప్రక్కన ఉష్ణమాపకములను ఉంచిరి. ఈ యొక్క గీతకు 57 దినములు పట్టెను.

ఉష్ణమాపకమునకును కొలతకును సంబంధమేమని సందేహము కలుగవచ్చును. ఎండకు ఇనుము సాగును. బండిచక్రమునకు ఇనుపపట్టాను కాల్చి తొడుగుటను చూచినవారికి ఈ సంగతి తెలియును. 100 అడుగుల ఉక్కు గొలుసు 10 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమి పెరిగినచో అంగుళములో సుమారు ఏడవ వంతు సాగును. అది స్వల్పమే. కాని 400 మారులు గొలుసు పరచినప్పుడు ఆ స్వల్పము దాదాపు 57 అంగుళములగును. అనగా నాలుగున్నర అడుగులకు మించిన తప్పు. గొలుసుమీద 100 అని వ్రాసియున్నంతమాత్రమున అది ఎల్లవేళల 100 కాదు. 100 అను సంఖ్య ఎండకు సాగదు, చలికి కుంచించుకొనదు. ఉక్కు సాగును, కుంచించుకొనును. లాంబ్టన్ ఈ భేదమును మరువలేదు. ప్రతి గొలుసునకు వేడిమి ఎంత యున్నదో వ్రాసికొని, దానికి తగినట్లు లెక్కను సవరించెను.

ఆధారరేఖ తరువాత గొలుసుతో పని తక్కువ. త్రిభుజమునందు ఒక భుజమును, దాని రెండు కొనల యందలి కోణములును తెలిసినచో మిగిలిన రెండు భుజములను లెక్కచేతనే తెలిసికొనవచ్చును. ఈ విషయమును ఉన్నత పాఠశాలలో నేర్చుకొందురు. లాంబ్టన్ ఆధారరేఖ రెండు కొనలనుండి దూరముననున్న ఒక కొండశిఖరమును యంత్రముతో చూచి కోణములు కొలిచెను. ఆ కొండకు గల దూరము లెక్కలో తేలెను. ఆ భుజమునే ఆధారముగా గొని మరియొక కొండను చూచెను. ఇట్లు కొండనుండి కొండకు, కోటనుండి గోపురమునకు త్రిభుజముల గొలుసు పడమరగా సాగెను. ఉక్కు గొలుసు వెళ్లజాలని లోయలమీదుగా, అడవులమీదుగా, ఏరులమీదుగా సంఖ్యల గొలుసు వెళ్లెను.

ఇక్కడనే అసలు పరీక్ష గలదు. త్రిభుజములో త్రిభుజము చేర్చుచు, కాగితముమీద లెక్క కట్టుచు 160 మైళ్లకు మించి వచ్చిన తరువాత ఆ లెక్కను నమ్ముట యెట్లు? ప్రతి మెట్టులో చిన్న తప్పు చేరినచో చివరకు లెక్క గాలిమేడ యగును. ప్రభుత్వము ఖర్చు పెట్టిన ధనము, మనుష్యుల శ్రమ, లాంబ్టన్ ఇరువదియేండ్ల చదువు వ్యర్థమగును. కావున 1804లో ఆయన బెంగుళూరువద్ద మరియొక గీతను ఎన్నుకొనెను. దాని పొడవెంత యుండవలెనో మద్రాసు త్రిభుజముల లెక్క ముందే చెప్పియుండెను. ఇప్పుడు అదే గీతను నేలమీద గొలుసుతో కొలిపించెను. ఏడు మైళ్లకు మించిన ఆ గీతయందు లెక్కకును కొలతకును వచ్చిన భేదము సుమారు 3.7 అంగుళములు మాత్రమే. అనగా లక్షలో ఒక వంతుకంటెను తక్కువ. కాగితముమీద పుట్టిన సంఖ్యకును, ఎప్పుడో ఏర్పడిన నేలకును అంతటి పొత్తు కుదిరెను.

ఆ త్రిభుజములు పడమటి తీరమును చేరిన తరువాత మరియొక ఆశ్చర్యము బయటపడెను. మద్రాసు అక్షాంశముననుండి మంగుళూరు తీరమువరకు దేశపు వెడల్పు సుమారు 400 మైళ్లని అంతకు ముందటి పటములు చూపుచుండెను. లాంబ్టన్ లెక్కలో అది 360 మైళ్లే యని తేలెను. పటముననున్న 40 మైళ్ల నేల లోకమున లేనేలేదు. బోయీలు ఎన్నిమారులు నడచినను ఈ తప్పు తెలియలేదు. పటమును గీసినవారికిని తెలియలేదు. పల్లకి మాట చెప్పి నవ్విన పెద్దమనిషికి ఇంతకుమించిన సమాధానము అక్కరలేకపోయెను.

అయితే సంఖ్య నేలను దిద్దినట్లే నేలయు సంఖ్యను దిద్దుచుండెను. త్రిభుజమునందలి మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలని పాఠపుస్తకములు చెప్పును. అది చదునైన పలకమీది త్రిభుజమునకు మాత్రమే చెల్లును. భూమి గుండ్రనిది. 30 మైళ్ల భుజములు గల త్రిభుజమును భూమిమీద కొలిచినచో మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలకంటె సుమారు 5 సెకండ్లు ఎక్కువగును. డిగ్రీలో 3600వ భాగము ఒక సెకండు. ఆ కొంచెము నేల చేసిన తప్పు కాదు. మనుష్యుని తొందరపాటును కాదు. పలకకు చెల్లు గణితము బంతికి చెల్లదని నేల చెప్పు మాట అది. లాంబ్టన్ బంతికి తగిన గణితమును తీసికొని తన లెక్కలను నడపెను.

ఇంతకంటె కఠినమైన చిక్కు లంబసూత్రమువలన వచ్చెను. తాపీపనివారు గోడ నిలువును చూచుటకు దారమునకు గుండు కట్టి వ్రేలాడదీయుదురు. ఆ దారము భూకేంద్రమువైపు సూటిగా నిలుచునని అందరును తలంతురు. నక్షత్రముల ఎత్తును కొలిచి అక్షాంశమును నిర్ణయించుటకు ఇట్టి దారమే ఆధారము. భూమి ధ్రువములయొద్ద కొంచెము చదునుగా నున్నచో, ఉత్తరమునకు పోవుకొలది ఒక డిగ్రీ అక్షాంశపు పొడవు పెరుగవలెను. నేడు తెలిసిన లెక్క ప్రకారము అది భూమధ్యరేఖయొద్ద సుమారు 110.6 కిలోమీటర్లు, ధ్రువముయొద్ద సుమారు 111.7 కిలోమీటర్లు. కాని బెంగుళూరు ప్రాంతపు లెక్కలు ఈ నియమమునకు లొంగలేదు. లాంబ్టన్ తన పనిని మరల మరల పరిశీలించెను. తుదకు అచ్చట భూగర్భమున దట్టమైన పదార్థమేదో యుండి గుండును ప్రక్కకు లాగుచున్నదని ఊహించెను. కంటికి కనబడని దానిని సరిపోలని ఒక సంఖ్య పట్టి యిచ్చెను. అడుగు క్రింది రాతి సాంద్రత చోటుచోటునకు మారుననియు, దానివలన గుండు ఒరుగుననియు నేడు శాస్త్రజ్ఞులు బాగుగా ఎరుగుదురు.

లెక్క సరిపోలనప్పుడు రెండు సులభమార్గములు గలవు. లెక్కకు సరిపడునట్లు అంకెలను మార్చి వ్రాయుట యొకటి. గణితమే పనికిమాలినదని విడిచిపెట్టుట మరియొకటి. లాంబ్టన్ రెండింటిని త్రోసివేసెను. సరిపోలని అంకెను అట్లే వ్రాసి యుంచి, అది ఎందులకు సరిపోలలేదో వెదకెను. ఆయన జీవితమునందు ముఖ్యమైన గుణమిదియే.

1808లో ఆయన ఓర్పునకు పెద్ద పరీక్ష వచ్చెను. తంజావూరు ప్రాంతము కావేరి పల్లపునేల, కొబ్బరితోటలు దట్టము. చూపు సాగుటకు కొండలు లేనందున లాంబ్టన్ బృహదీశ్వరాలయపు ఎత్తైన గోపురముపైకి థియోడలైటును ఎక్కించుటకు పూనుకొనెను. మోకులతో లాగుచుండగా మోకు తెగెను. యంత్రము గోపురమునకు కొట్టుకొని దెబ్బతినెను. దాని చక్రము వంకరపోయెను. మరియొక యంత్రము ఇంగ్లండునుండి రావలెనన్న ఏండ్లు పట్టును. చూచినవారందరును పని ఆగిపోయినదనుకొనిరి. లాంబ్టన్ ఎవరిని నిందింపలేదు. యంత్రమును తిరుచిరాపల్లికి తీసికొనిపోయి, గుడారములో చొచ్చి, ఇతరులను రానీయక, మరలతోను, మేకులతోను, కప్పీలతోను ఆ చక్రమును వెండ్రుకవాసి చొప్పున మరల గుండ్రముగా సాగలాగెను. ఆరు వారములు గడచిన తరువాత యంత్రము పనికి సిద్ధమయ్యెను. వృత్తము గణితమున ఎప్పుడును పరిపూర్ణమే. లోహములోని వృత్తమును మనుష్యుడు తన చేతులతో నిలుపుకొనవలెను.

దక్షిణమున కన్యాకుమారి సమీపమువరకు రేఖను కొలిచిన పిమ్మట లాంబ్టన్ ఉత్తరమునకు మరలెను. 1811లో గుత్తి ప్రాంతమునకు వచ్చి అచ్చట ఆధారరేఖను కొలిచెను. నామతాబాదు అను చోట నక్షత్రములను చూచి అక్షాంశమును నిర్ణయించెను. ఈ సీమ 1800లో నిజామునుండి కంపెనీవారికి వచ్చినది. అందుచే దత్తమండలమని పేరుపడెను. లాంబ్టన్ వచ్చుటకు ముందే కలెక్టరు తామస్ మన్రో ఈ సీమలోని పొలములను 33 అడుగుల గొలుసుతో కొలిపించియుండెను. అట్టి గొలుసుతో కొలిచిన 40 చదరములు ఒక ఎకరము. రైతునకు మన్రో గొలుసే ముఖ్యము. ఆ సంఖ్యనుబట్టియే అతడు శిస్తు కట్టవలెను. అంగుళము అటునిటైనను చేనికి హాని లేదు. లాంబ్టన్ గొలుసునకు అంగుళమే ప్రాణము. ఒకే నేలను రెండు గొలుసులు రెండు విధములుగా ప్రశ్నించినవి. ఏ ప్రశ్నకు ఎంత సూక్ష్మత కావలెనో కొలుచువాడే ఎరుగవలెను.

అనంతపురము సీమలోని కొండలు లాంబ్టన్ పనికి అనుకూలించెను. వాన కరవైన ఈ పీఠభూమియందు గాలి తేటపడినప్పుడు శిఖరమునుండి శిఖరము స్పష్టముగా కనబడును. అయినను ఎండకు గాలి వణకి, దూరపు జెండా కదలినట్లు తోచును. అందుచే ఒక కోణమును పలుమారులు చూచి, ఆ కొలతలన్నిటి సగటును తీసికొనవలెను. జెండాలు మోసి కొండలెక్కినవారు, గొలుసు తొట్లను మోసినవారు, నీరు తెచ్చినవారు పెక్కుమంది ఈ దేశపు సామాన్యులు. వారి పేర్లు గ్రంథములకు ఎక్కలేదు. వారి చేతులు వణకియున్నచో లాంబ్టన్ సంఖ్యలును వణకియుండును.

1815లో బీదరు సమీపమున మరియొక ఆధారరేఖ కొలువబడెను. కన్యాకుమారి సమీపమునుండి దామరగిద్దవరకు దాదాపు 10 డిగ్రీల అక్షాంశముమేర ఈ రేఖ సాగినది. లండనులోని రాయల్ సొసైటీ లాంబ్టన్‌ను తన సభ్యునిగా చేర్చుకొనెను. 1818లో ఆయన పనికి భారతదేశపు మహాత్రికోణమితి సర్వే అని పేరు పెట్టి గవర్నరు జనరలు తన అధీనమునకు తీసికొనెను. ఆ సంవత్సరము చివర జార్జి ఎవరెస్టు అను యువకుడు ఆయనకు సహాయకుడుగా హైదరాబాదునకు వచ్చెను. లాంబ్టన్ అప్పటికి ముదుసలి. కాని యంత్రమును అమర్చునప్పుడు ఆయనకు యౌవనము తిరిగివచ్చినట్లుండెడిది.

పని ఉత్తరమునకు సాగుచుండెను. 1823వ సంవత్సరము జనవరి నెలలో, నాగపురమునకు పోవుచుండగా దారిలో హింగన్‌ఘాట్ అను ఊర లాంబ్టన్ మరణించెను. అప్పుడు ఆయన వయస్సు సుమారు 70 ఏండ్లు. ఆయన సమాధి ఆ ఊరనే గలదు. ఎవరెస్టు ఆ రేఖను హిమాలయపాదమువరకు కొనిపోయెను. ఎండకు సాగు ఒంటి గొలుసునకు మారుగా, ఒకదాని సాగుదలను మరియొకటి సరిదిద్దునట్లు రెండు లోహములతో చేసిన కడ్డీలు 1830వ దశకమున వాడుకకు వచ్చెను. 1868లో బెంగుళూరువద్దను, 1869లో కన్యాకుమారివద్దను ఆధారరేఖలను క్రొత్త కడ్డీలతో కొలిచిరి. లాంబ్టన్ సంఖ్యలు సవరింపబడెను. ఇది ఆయనకు అవమానము కాదు. తన తరువాత వచ్చువారు సవరించుటకు వీలుగా, ఏ దినమున ఎంత వేడిమి యున్నదో గూడ వ్రాసి పెట్టినవాడు ఆయనయే.

కొలతల చరిత్రలో ఇట్టి సవరణలు అనేకము. లాంబ్టన్ కాలముననే ఫ్రెంచి పండితులు ఉత్తరధ్రువమునుండి భూమధ్యరేఖవరకు గల దూరములో కోటవ వంతును మీటరని నిర్ణయించి, ఆ పొడవునకు 1799లో ప్లాటినము కడ్డీని చేసిరి. తరువాత మంచి కొలతలు వచ్చినప్పుడు ఆ కడ్డీ ఉండవలసిన దానికంటె సుమారు 0.2 మిల్లీమీటరు పొట్టియని తేలెను. భూమి మారలేదు, మన లెక్కయే మారెను. 1983నుండి మీటరును కాంతి వేగమునుబట్టి నిర్ణయించుచున్నారు. భారతదేశమున మెట్రిక్ పద్ధతికి 1956లో శాసనము చేయబడెను. అంతటితో గుత్తి నేల పెరుగనులేదు, తరుగనులేదు. అడుగులలో చెప్పినను మీటర్లలో చెప్పినను ఆ నేల అదియే. నేడు ఆకాశమున తిరుగు ఉపగ్రహములు క్షణములో స్థానమును తెలుపుచున్నవి. వాని లెక్కలయందును సవరణలు గలవు.

అట్లయినచో సంఖ్య లోకమును నిజముగా చూపునా, చూపదా? లాంబ్టన్ జీవితము దీనికి సమాధానము నిచ్చుచున్నది. సంఖ్య నేల కాదు. నేలను ప్రశ్నించుటకు మనుష్యుడు కల్పించుకొన్న సాధనము. ప్రశ్న చక్కగా నడిగినచో నేల సమాధానము చెప్పును. 160 మైళ్ల దూరమున 3.7 అంగుళముల భేదముతో సరిపోలుట అట్టి సమాధానము. ప్రశ్న తప్పైనచో నేల ఒప్పుకొనదు. ఒరిగిన గుండు అట్టి నిరాకరణము. ముగియని అంకెలు గల సంఖ్యను తాడు ఎన్నటికి చూపజాలదు. కాని ఆ సంఖ్య లేనిచో తాడు ఎంత తప్పినదో తెలిసికొనుటకు దారి లేదు. పరిపూర్ణమైన సంఖ్యయు, అపరిపూర్ణమైన గొలుసును ఒకదాని కొకటి తోడుగా నుండవలెను.

అనంతపురము సీమవారికి ఈ సంగతి అనుభవముననే గలదు. ఈ జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియునని లెక్కలు చెప్పును. ఆ సంఖ్య తప్పు కాదు. కాని ఆ సగటు ఏ చేనిలోను కురియదు. విత్తిన తరువాత నెలదినములు చినుకు లేక, పంట పోయిన పిమ్మట కుండపోత కురిసినను సగటు సరిగానే యుండవచ్చును. సంఖ్యను కాదని త్రోసివేయు రైతు నష్టపడును. సంఖ్యనే వాన యనుకొను అధికారియు రైతును నష్టపెట్టును. సంఖ్యను చేతబట్టుకొని చేనిలోనికి దిగి చూచువాడే రెండింటి విలువను ఎరుగును.

లాంబ్టన్ పెద్ద రాజ్యములను జయింపలేదు. గొప్ప ధనమును కూడబెట్టలేదు. దేశముకాని దేశమున ఇరువదియేండ్లకు మించి ఎండలలో నడచి, కొండలెక్కి, ఒక్కొక్క అంగుళమునకు జవాబుదారియై బ్రతికెను. తాను వ్రాసిన అంకెను నేలయొద్దకు తీసికొనిపోయి, ఇది నిజమేనా యని ప్రతిమారును అడిగెను. నేల కాదన్నప్పుడు తన అంకెను దిద్దుకొనెను. ఈ అలవాటు గలవాని చేతిలో సంఖ్య లోకమును చూపు దీపమగును. లేనివాని చేతిలో అది వట్టి గీతగానే మిగులును.